"అయ్యవారికి చాలు ఐదు వరహాలు": ఈ పాదంలో వరహా ఎందుకుంది?

దసరాకు వీధిబడి పిల్లలు తమ పంతులైన అయ్యవారితో ఇంటింటికీ వెళ్లి పాడిన పద్యంలోని "అయ్యవారికి చాలు ఐదు వరహాలు" అన్న పాదం మీద ఇక్కడ సాగుతున్న చర్చలో రెండు ప్రశ్నలు తేలకుండా ఉన్నాయి. పావలా, అర్ధరూపాయి అంటూ మొదలైన లెక్క చివరికి వరహాల్లోకి, అంటే పాత బంగారు నాణేల్లోకి, ఎందుకు మారిందన్నది మొదటిది. ఈ పద్యం పంతులు పిల్లల చేత చేయించిన యాచన అని ఒక సభ్యులు రాసిన మాట సరైనదేనా అన్నది రెండోది. పంతొమ్మిదో శతాబ్దపు వీధిబడి ఎవరి సొమ్ముతో నడిచిందో చూస్తే గాని ఈ రెండింటికీ జవాబు దొరకదని నా అభిప్రాయం.

ముందుగా పద్యపు నడకను చూద్దాం. నాకు తెలిసిన పాఠంలో ఈ భాగం ఇలా ఉంటుంది:

పావలా యిస్తేను పట్టేది లేదు
అర్ధరూపాయిస్తే అంటేది లేదు
ముప్పావలిస్తేను ముట్టేది లేదు
అయ్యవారికి చాలు ఐదు వరహాలు
పిల్లవాండ్రకు చాలు పప్పుబెల్లాలు

దాదాపు ప్రతి పాదమూ అయిదు, అయిదు, అయిదు, మూడు మాత్రలుగా (పలికే కాలపు కొలతలుగా) విరుగుతుంది. ఆ విరుపు ఒక్కొక్కటీ ఒక గణం. లక్షణం ప్రకారం ఇది శుద్ధ ద్విపద (రెండేసి పాదాల దేశి ఛందస్సు) కాకపోయినా నడక ద్విపదదే. యతి (పాదం మొదటి అక్షరంతో జత కలిసే అక్షరం) కూడా ద్విపదలో లాగే మూడో గణం మొదట పడుతుంది: పావలాకు పట్టేది, అర్ధకు అంటేది, ముప్పావలాకు ముట్టేది, అయ్యవారికి ఐదు. అంటే ఇక్కడ "ఐదు" అన్న సంఖ్యను తెచ్చింది యతి. ఆరు అన్నా యతీ చెల్లేది, మాత్రలూ సరిపోయేవి. కాబట్టి వీధిబడి పంతులు రాబడి అయిదు వరహాలని ఈ పాదాన్ని సాక్ష్యంగా చూపించడం తొందరపాటు. "ఐదు రూపాయలు" అంటే చివర ఒక మాత్ర పెరిగి నడక చెడుతుంది గనుక వరహా రావడానికీ ఛందస్సు కొంత కారణమే. అయినా ఒక నాణెం పేరు జనం నోళ్లలో బాగా నలిగి ఉంటే తప్ప పిల్లల పాటలోకి అంత సులువుగా రాదు.

మద్రాసు ప్రెసిడెన్సీలో వెండి రూపాయిని ప్రామాణిక నాణెంగా ప్రకటించినది 1818లో. అప్పుడు 100 వరహాలకు 350 రూపాయలని మారకం కట్టారు. అంతకు ముందు కూడా రూపాయి తెలుగువారికి తెలియని నాణెం కాదు గనుక పావలా అన్న మాట ఒక్కటే పట్టుకొని ఈ పద్యం పుట్టిన ఏడు చెప్పలేము. ఆ మారకం ప్రకారం మాత్రం అయిదు వరహాలంటే పదిహేడున్నర రూపాయలు. ముప్పావలా ఇస్తే ముట్టుకోమని ఒక ఇంటి ముందు బేరమాడే పిల్లలు ఆ ఇంటి నుంచే పదిహేడున్నర రూపాయలు ఆశించారనుకోవడం కుదరదు. పావలా, ముప్పావలా ఒక్కొక్క గడపను అడిగినవి. వరహాలు ఊరంతా కలిసి అయ్యవారికి ముట్టజెప్పవలసిన గౌరవం. పాత నాణెం పేరులో ఉన్న మర్యాద రోజువారీ చిల్లరకు ఉండదు. అందుకే లెక్క మారిందని నేను అర్థం చేసుకుంటున్నాను.

ఇక యాచన మాట. అయ్యవారిని ఎవరు పోషించారో ముందు చూద్దాం. మద్రాసు గవర్నరు మన్రో 1822లో ప్రెసిడెన్సీలోని బడుల వివరాలు పంపమని కలెక్టర్లను ఆదేశించినప్పుడు వచ్చిన జవాబులలో బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపినది చాలా విలువైనది. ఆయన 1816లోనే తెలుగు వ్యాకరణం ప్రచురించినవాడు. నేటి అనంతపురం ప్రాంతం కూడా కలిసి ఉన్న ఆనాటి బళ్లారి జిల్లాలో 533 బడులున్నాయని, వాటిలో 235 కన్నడ బడులు, 226 తెలుగు బడులని, మొత్తం చదివేవారు 6,641 మందేనని లెక్క చెప్పాడు. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం, అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాయడం, రెండోవాడికి సున్న చుట్టడం, మూడోవాడి నుంచి ఒక్కొక్క దెబ్బ పెంచుకుంటూ పోవడం అన్నీ అందులో ఉన్నాయి. వల్లె వేయించే పద్యాల భాష వాడుక భాషకు దూరమైనదని, దాని అర్థం పంతుళ్లలోనే చాలామందికి తెలియదని కూడా రాశాడు. మన బృందంలో వాడుక భాష గురించి మాట్లాడే ప్రతివారూ ఆ భాగం చదవాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది, బడులు ఎందుకు తగ్గిపోతున్నాయన్నదానికి ఆయన చెప్పిన కారణం. ఒకప్పుడు బడులున్న అనేక గ్రామాలలో ఇప్పుడు లేవని, పెద్ద బడులు నడిచిన చోట్ల కలిగినవారి పిల్లలు కొందరే మిగిలారని చెప్పి, దీనికి మూలం దేశం క్రమంగా పేదదవడమేనని, దేశీయ నూలు వస్త్రాల స్థానంలోకి ఐరోపా వస్త్రాలు రావడంతో చేతిపనులవారి రాబడి బాగా పడిపోయిందని ఒక కుంపిణీ (ఈస్టిండియా కంపెనీ) అధికారి స్వయంగా ఒప్పుకున్నాడు. మగ్గం ఆగితే బడి మూతపడుతుందన్న సంగతి ఇంత సూటిగా మరెక్కడా నాకు కనబడలేదు.

కోస్తాలోనూ కథ ఇదే దారిన నడిచింది. మచిలీపట్నం, ఇంజరం, నరసాపురం పక్కనున్న మాధవాయపాలెం కుంపిణీ వస్త్రవ్యాపారానికి పేరుపడిన చోట్లు. కుంపిణీకి భారత వ్యాపారం మీద ఉన్న గుత్తాధిపత్యం 1813లో పోయింది, 1833 చట్టంతో దాని వ్యాపారమే ముగిసింది. మాధవాయపాలెం పేరు మాత్రం మదపొల్లంగా మారి, విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండు మరలలో నేసిన గుడ్డకు పేరైంది. ఆ ఊరి నేతగాళ్ల పేరుప్రతిష్ఠలను అమ్ముకొన్న గుడ్డ ఆ నేతగాళ్లకే పోటీగా వచ్చింది. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. మగ్గాల మీద, అంగళ్ల మీద వేసిన మొతర్ఫా పన్ను 1860ల తొలినాళ్ల దాకా కొనసాగింది కూడా.

1854 నాటి విద్యా తాఖీదు (వుడ్ డిస్పాచ్) తర్వాత ప్రభుత్వ గ్రాంటులు వచ్చాయి. 1860ల చివర నుంచి, ఇన్‌స్పెక్టరు పరీక్షలో పిల్లలు గట్టెక్కిన దాన్నిబట్టి డబ్బు ఇచ్చే పద్ధతి వీధిబడులకూ పాకింది. అంతదాకా అయ్యవారి బతుకు ఊళ్లోని రైతు, కోమటి, కంసాలి, సాలె ఇచ్చే దాని మీదే ఆధారపడి ఉండేది. దసరాకు ఇచ్చేది ఆ ఇవ్వవలసిన దానిలో ఒక భాగం. దాన్ని యాచన అనలేము. ఇదే పద్యంలో మరోచోట "ఇంతసేపుంచుట ఇది మీకు తగదు" అని పిల్లలు గృహస్థును నిలదీయగలగడమే ఇందుకు రుజువు. భిక్షకు వచ్చినవారు ఆలస్యమైందని ఇంటివారిని తప్పుపట్టరు. "చాలు" అన్న మాటను కూడా ఈ వెలుగులోనే చదవాలి. అది అణగిమణిగి పలికిన మాట కాదు, ఇంత మాకు చెల్లవలసి ఉందని హద్దు గీసి చెప్పిన మాట.

పప్పుబెల్లాలు పంచినట్టు అన్న జాతీయం ఈ ఆచారం నుంచే వచ్చిందా అని అడిగిన సభ్యులకు నా దగ్గర గట్టి ఆధారం లేదు. వేయించిన శనగపప్పు, బెల్లం పిల్లలకు పంచడం దసరాకే పరిమితమైనది కాదు గదా. ఇతర ప్రాంతాలవారు మీ ఇళ్లలోని పెద్దలు పాడిన పాఠాన్ని మాట మార్చకుండా ఇక్కడ రాయగలరు. ముఖ్యంగా వరహా స్థానంలో మరో నాణెం ఉన్న పాఠం గాని, ఐదు స్థానంలో ఆరు ఉన్న పాఠం గాని దొరికితే పైన చెప్పిన యతి వాదాన్ని సరిచూడవచ్చు.