గదబ భాష గురించి వికీపీడియాలో రాయాలంటే ఎక్కడ మొదలెట్టాలి?

సాలూరు సారు

అందరికీ నమస్కారమండి. నేను సాలూరు దగ్గర ఒక ప్రాథమిక బడిలో పనిచేస్తున్నాను, మా పిల్లల్లో గదబ వాళ్ళు చాలామంది. పిల్లలు మాతో తెలుగే, వాళ్ళలో వాళ్ళు కూడా ఇప్పుడు దాదాపు తెలుగే. మామ్మలు ఎవరైనా వచ్చి పిలిస్తే మాత్రం వేరే భాష వినపడతాది, పిల్లకి అర్థమవుతాది గానీ జవాబు తెలుగులో ఇస్తాది. ఇది చూసి చూసి తెలుగు వికీపీడియాలో ఈ భాష మీద ఒక మంచి వ్యాసం రాద్దామనిపించింది. ఇప్పటిదాకా మా మండలం ఊళ్ళ పేజీల్లో చిన్నచిన్న దిద్దుబాట్లు చేశాను, అంతకు మించి అనుభవం లేదు.

నా డౌట్లు ఇవి. నెట్‌లో ఒకచోట గదబ ముండా భాష అంటారు, ఇంకోచోట ద్రావిడ భాష అంటారు, రెండూ పెద్దోళ్ళు రాసినవే, ఏది నమ్మాలి? ఊళ్ళో పెద్దవాళ్ళని అడిగి రాసుకున్న మాటలు, పాటలు నేరుగా వ్యాసంలో పెట్టొచ్చా, లేక మూలం లేదని తీసేస్తారా? ఇంకోటి, మా తోటి టీచర్ ఒకాయన తెలుగులో ఎందుకు, తెలుగు లిపిలోనే గదబ వికీపీడియా మొదలెట్టేద్దాం అంటున్నారు. అది అయ్యే పనేనా?

మొలకల మేస్త్రి

సారూ, మొదటి డౌటుకి జవాబు ఏంటంటే ఇద్దరూ కరెక్టే, ఎందుకంటే గదబ అనేది తెగ పేరు, ఆ పేరుతో ఉన్నవాళ్ళు మాట్లాడే భాషలు వేరు వేరు. గుతోబ్ గదబ ముండా భాష, అంటే మన సవరకీ ఒడిశాలో బోండాలు మాట్లాడే రెమోకీ చుట్టం. మీ సాలూరు వైపు వినపడేది కొండెకోర్ గదబ, కొందరు ముఢిలి గదబ అని కూడా అంటారు, అది ద్రావిడ భాష, కొలామీ, నాయికీ, పర్జీల గుంపులోది. పొట్టంగి వైపు ఒల్లారి ఉంది, అది దీనికి బాగా దగ్గర, రెండూ ఒకే భాషకి రెండు యాసలని కొందరి మాట. భాషలకిచ్చే అంతర్జాతీయ గుర్తులు, ఐఎస్ఓ కోడ్లు కూడా మూడు వేరు వేరుగానే ఉన్నాయి, గుతోబ్‌కి జీబీజే, ఒల్లారికి జీడీబీ, కొండెకోర్‌కి జీఏయూ. కాబట్టి "గదబ భాష" అని ఒకే పేజీ పెట్టి అన్నీ దాంట్లో కుక్కితే ఎప్పటికీ తెగదు, ముండా అని ఒకరు రాస్తారు, ద్రావిడ అని ఇంకొకరు మారుస్తారు, చర్చ పేజీ మాత్రం పెరుగుతా ఉంటుంది.

దీంట్లో అందరూ పడే గుంట జనాభా లెక్కలు. 2011 సెన్సస్‌లో గదబ అని 40,976 మంది ఉన్నారు. సెన్సస్ వాళ్ళు గదబని ముండా భాషల పట్టికలో పెట్టేశారు, కానీ ఫారంలో "గదబ" అని రాయించుకున్నవాళ్ళలో మీ సాలూరు వాళ్ళు ఎంతమందో, కొరాపుట్ గుతోబ్ వాళ్ళు ఎంతమందో ఆ అంకెలోంచి విడదీయలేం. అందుకని సమాచారపెట్టెలో (వ్యాసం పక్కన ముఖ్య వివరాలుండే పెట్టె) మాట్లాడేవారి సంఖ్య అన్నచోట ఆ 40,976 పెట్టకండి. వ్యాసం లోపల ఇలా రాయండి: "2011 జనాభా లెక్కల్లో గదబ పేరు కింద 40,976 మంది నమోదయ్యారు. ఈ పేరు కింద ఒకటికంటే ఎక్కువ భాషలు ఉన్నాయి, ఒక్కోదానికి విడిగా లెక్క ఇవ్వలేదు." పొడిగా ఉన్నా అబద్ధం లేదు. గదబ ఒక్కటే కాదు, అదే సెన్సస్‌లో లంబాడీని హిందీ కింద కలిపారు, ఎరుకలని తమిళం కింద కలిపారు, కాబట్టి ఏ చిన్న భాష పేజీ రాసినా అంకె ఎత్తి పెట్టేముందు అది ఏ పేరు కింద లెక్కపెట్టారో చూసుకోవాలి.

మూలాలకి లోటేం లేదు. కొండెకోర్ మీద పేరి భాస్కరరావు గారి వ్యాకరణం 1980లో పూనా డెక్కన్ కాలేజీ నుంచి వచ్చింది, ఒల్లారి మీద సుధీభూషణ్ భట్టాచార్య పుస్తకం 1957ది. గుతోబ్‌కైతే 2008లో గ్రెగరీ ఆండర్సన్ సంపాదకుడిగా ముండా భాషల మీద వచ్చిన పెద్ద పుస్తకంలో ఆర్లో గ్రిఫిత్స్ రాసిన అధ్యాయం ఉంది. విడి మాటలు కావాలంటే బరో, ఎమెనోల ద్రావిడ పదకోశం షికాగో యూనివర్సిటీ వాళ్ళ సైట్లో ఫ్రీగా వెతుక్కోవచ్చు, గదబ మాటలు దాంట్లో బోలెడు. ఇవి చేతిలో ఉంటే మొలక (రెండు ముక్కల వ్యాసం) కాదు, నిండు వ్యాసమే అవుద్ది.

అడ్డప్రశ్న

నెగెటివ్ అనుకోకండి, నిజంగానే అడుగుతున్నా. ఇది ఎవరు చదువుతారు? గదబ పెద్దవాళ్ళు వికీపీడియా చూడరు, పిల్లలకి యూట్యూబ్ చాలు, మనలాంటి నలుగురం చదివి శభాష్ అనుకోడానికి ఇంత కష్టం ఎందుకు. ఆ టైములో బడిలో ఆ భాషలో నాలుగు కథలు చెప్పిస్తే మేలు కదా.

మొలకల మేస్త్రి

రెండూ చెయ్యొచ్చు కదా బ్రో, ఒకటి చేస్తే ఇంకోటి ఆగిపోదుగా. చదివేది ఎవరంటే, రేపు ఆ ఊరికి ట్రాన్స్‌ఫర్ అయ్యే టీచరు, గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏలో కొత్తగా చేరిన ఆఫీసరు, డీఎడ్ చదివే కుర్రాళ్ళు. వీళ్ళు ఫోన్లో "గదబ" అని కొడితే ముందు వచ్చేది వికీపీడియానే, అక్కడ తప్పుంటే ఆ తప్పే ప్రాజెక్ట్ రిపోర్టుల్లోకి, అక్కణ్ణుంచి పేపర్లోకి పోతుంది. తర్వాత ఎవరో ఆ పేపర్‌నే మూలంగా తెచ్చి మళ్ళీ వికీలో పెడతారు, ఇక దాన్ని పీకడం మా తరం కాదు.

తూర్పు కనుమ

మంచి టాపిక్. సారు గారి రెండో డౌటు గురించి నేను చెప్తా, అసలు చిక్కంతా అక్కడే ఉంది. వికీపీడియాలో మౌలిక పరిశోధన పెట్టకూడదని రూలు, అంటే మీరు ఊళ్ళో విన్నది "ఈ భాషలో బహువచనం ఇలా వస్తుంది" అని మీ సొంత మాటగా రాస్తే నిలవదు, ఎంత నిజమైనా సరే. రాయని భాషలకి ఇది అన్యాయమే అనిపిస్తుంది నాకు, పుస్తకం ఉన్న భాషకే పేజీ, లేనిదానికి లేదు. 2011లో వికీమీడియా వాళ్ళే మౌఖిక మూలాల మీద ఒక ప్రయోగం చేశారు, మలయాళం, హిందీ, దక్షిణాఫ్రికాలో సెపేడి మాట్లాడే ఊళ్ళల్లో పెద్దవాళ్ళ మాటలు రికార్డు చేసి వాటినే మూలాలుగా చూపించారు. దాని మీద వాదన చాలా జరిగింది, కానీ ఈరోజుకీ మామూలు వ్యాసంలో ఎవరైనా అడిగేది అచ్చులో ఉందా అనే.

అలాగని మీరు విన్నది వృథా కాదండీ, దాని చోటు దానికి ఉంది. ఆడియో రికార్డు చేసి, వికీపీడియా బొమ్మలు, ఆడియోలు దాచే కామన్స్‌లో ఎక్కిస్తే వ్యాసంలో బొమ్మ పెట్టినట్టే ఆ ఆడియో పెట్టొచ్చు, "కొండెకోర్ గదబలో ఒకటి నుంచి పది వరకు, ఫలానా మండలం, ఫలానా సంవత్సరం" అని కింద రాసి. దానికి లింగ్వా లిబ్రే అని సైటు ఉంది, ఫ్రాన్స్ వికీమీడియా వాళ్ళు కట్టింది, మీరు పదాల జాబితా ఇస్తే ఒక్కో పదం తెర మీద చూపిస్తుంది, మనిషి పలకగానే తర్వాతి పదానికి పోతుంది, చివర్లో అన్నీ విడి విడి ఫైళ్ళుగా కామన్స్‌కి వెళ్తాయి. చదవడం రాని పెద్దవాళ్ళయితే మీరు పక్కన కూర్చుని తెలుగులో అడగాలి, అప్పుడు మీ గొంతు కూడా పడుతుంది, అందుకని ముందు ఫోన్లో మొత్తం రికార్డు చేసుకుని ఆ తర్వాత ముక్కలు కత్తిరించుకోవడం సుఖం. బల్లలు, ఫ్యాన్లు ఉన్న గదిలో వద్దు, చెట్టు కిందే నయం, కోళ్ళ గోల ఉన్నా పర్లేదు. పదాలు వికీ నిఘంటువు విక్షనరీలో కూడా చేర్చుకోవచ్చు.

ఇంకో దారి పాత పుస్తకాలు. గిడుగు రామమూర్తి గారిని మనం వ్యావహారిక భాషా ఉద్యమానికే గుర్తు పెట్టుకుంటాం గానీ ఆయన పర్లాకిమిడిలో ఉండి సవర నేర్చుకుని 1931లో సవర వ్యాకరణం వేశారు, తర్వాత నిఘంటువులు కూడా. ఆయన పోయింది 1940లో, మన చట్టం ప్రకారం రచయిత పోయిన 60 ఏళ్ళకి కాపీరైటు అయిపోతుంది కాబట్టి ఇక్కడ అడ్డం లేదు. కాకపోతే వికీ సర్వర్లు అమెరికావి, కామన్స్ వాళ్ళు అక్కడి చట్టంలో అచ్చయినప్పటి నుంచి 95 ఏళ్ళ లెక్క కూడా చూస్తారు, అందుకని స్కాన్ ఎక్కించేముందు కాపీరైటు చర్చలో ఒకసారి అడగడం మంచిది. ఇంకా ఉమ్మడి రాష్ట్రంలో 2004 తర్వాత సవర, కోయ, కువి, కొండ, గోండి, కొలామీ, బంజారా, ఆదివాసీ ఒడియాల్లో తెలుగు లిపితో బడి పుస్తకాలు వేశారు కదా, అవి మీ బళ్ళల్లోనే ఏ బీరువాలోనో ఉంటాయి, చూడండి. ఆ లిస్టులో గదబ లేదు, మీకు వ్యాసంలో రాయడానికి అదీ ఒక విషయమే.

నార్నూర్ పోరడు

అన్నలందరికి రాంరాం. మాది ఆదిలాబాద్ దిక్కు, ఇంట్ల గోండే మాట్లాడతం. ఒక రెండు ముచ్చట్లు చెప్త సారుకు, ఎందుకంటే మా దిక్కు రికార్డర్లు పట్టుకొని వచ్చేటోళ్ళను చిన్నప్పటిసంది చూస్తున్నం.

ఒకటి, పాటలు. పదాలు, అంకెలు, చుట్టరికం పిలుపులు రికార్డు చేస్తే ఎవ్వరికి ఇబ్బంది లేదు. పాటలు, కథలు అట్ల కాదు. మా తాన పర్ధాన్లు కిక్రి (తీగల వాయిద్యం) వాయించుకుంట పాడే కథలు ఒక్కో ఇంటిపేరోళ్ళవి ఒక్కోటి ఉంటయి, ఎవరిది వాళ్ళకే, ఎప్పుడు పాడాల్నో కూడా లెక్క ఉంటది. కామన్స్‌ల పెట్టినవంటే సీసీ బై-ఎస్ఏ లాంటి ఖుల్లా లైసెన్సు కింద పోతది, ఇగ ఎవడైన తీస్కోని సినిమాల పెట్టుకున్నా అడ్వర్టైజ్‌మెంట్‌ల వాడుకున్నా పైసలు సంపాయించినా అడగనీకి రాదు, వాపస్ తీస్కుంట అంటే కూడా కుదరదు. ఇది అవ్వకు కూసోబెట్టి చెప్పాలె, "పేపర్ల వస్తదవ్వా" అని నవ్వుకుంట సంతకం పెట్టించుకునుడు కాదు. నేనైతే "ఈ ముచ్చట నీకు ఎరుక లేనోడు సుత అమ్ముకోవచ్చు, ఇష్టమేనా" అని సీదా అడుగుత. చాలమంది పదాలకు సరే అంటరు, పాటకు వద్దంటరు. వద్దంటే వద్దు, గంతే.

రెండోది లిపి. మీ ఫ్రెండు సారు తెలుగు లిపిల వికీ పెడదాం అంటున్నడు కదా, మా కథ వినుమని చెప్పుండ్రి. గోండికి 1918ల మున్షీ మంగళ్ సింగ్ మసారాం చేసిన లిపి ఉన్నది, అది 2017ల యూనికోడ్ల (కంప్యూటర్లకు అన్ని లిపుల పట్టిక) చేరింది. మా నార్నూర్ మండలం గుంజాలల పాత రాతప్రతులు దొరికినయి, సెంట్రల్ యూనివర్సిటీ జయధీర్ తిరుమలరావు సార్ వాళ్ళు పట్టుబట్టి పనిచేసిండ్రు, ఆ లిపి 2018ల చేరింది. మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్ దిక్కు గోండులు దేవనాగరిల రాస్తరు, మేము తెలుగుల రాస్తం. ఇగ గోండి వికీపీడియా అంటే ఏ లిపిల, ఎవరి గోండిల? మా ఆదిలాబాద్ మాట బస్తర్ల సగం తెల్వది. మీరు తెలుగు లిపి అంటే రేపు ఒడిశా దిక్కు గదబోళ్ళు ఒడియా లిపి అంటరు. గా లొల్లి వాళ్ళు తెంపుకోవాలె, మనం ముందుగాల్నే తేల్చేస్తే బాగుండదు.

ఇంక్యుబేటర్ కోడిపెట్ట

మూడో డౌటు నాది. కొత్త భాషలో వికీపీడియా అంటే ఎవరో బటన్ నొక్కితే తెరుచుకునేది కాదండి. ముందు ఇంక్యుబేటర్‌లో (కొత్త వికీలని పరీక్షించే సైటు) టెస్ట్ వికీ నడపాలి, ఐఎస్ఓ కోడ్ ఉండాలి, ఇంటర్ఫేస్ మాటలు అనువాదం చెయ్యాలి, ఒక్కరు కాదు కొంతమంది నెలల తరబడి ఆపకుండా రాస్తూ ఉండాలి, అప్పుడు లాంగ్వేజ్ కమిటీ ఆ భాష తెలిసినవాళ్ళతో చూపించుకుని ఒప్పుకుంటుంది. తుళు అంత పెద్ద భాష, అయినా ఏళ్ళ తరబడి ఇంక్యుబేటర్‌లో ఉండి 2016లో బయటికొచ్చింది. సంతాలీ 2018లో ఓల్ చికి లిపిలో వచ్చింది, వాళ్ళకి రాసే అలవాటు, పత్రికలు, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో చోటు అన్నీ ఉన్నాయి.

భయపెట్టడానికి కాదు గానీ స్కాట్స్ వికీపీడియా సంగతి తెలుసుగా, 2020లో బయటపడింది, ఆ భాష రాని అమెరికా కుర్రాడు చిన్నప్పటినుంచి దాంట్లో వేల వ్యాసాలు రాసుకుంటూ పోయాడు, ఇంగ్లీషునే కొంచెం స్పెల్లింగ్ మార్చి. మంచి ఉద్దేశంతోనే చేశాడు పాపం. ఇప్పుడైతే ఏఐ కూడా వచ్చింది, "గదబలో రాసిపెట్టు" అంటే ఏదో ఒకటి రాసిస్తుంది, అది ఏ భాషో దానికీ తెలీదు. కాబట్టి గదబ మాట్లాడేవాళ్ళలోంచి రాసే నలుగురు తయారయ్యేదాకా ఆ పేరుతో వికీ వద్దు, మీరూ మీ ఫ్రెండూ కలిసి రాస్తే అది ఇద్దరు తెలుగు మాస్టార్ల గదబ అవుతుంది. తెలుగులో మంచి వ్యాసం, కామన్స్‌లో మంచి ఆడియో, వికీల వివరాల ఖజానా వికీడేటాలో మూడు భాషలూ మూడు ఐటమ్‌లుగా సరిగ్గా ఉన్నాయా లేదా చూడటం, నా లెక్కలో ఈ ఏడాదికి అదే చాలా పని.

సాలూరు సారు

చాలా థాంక్సండీ అందరికీ, ఇన్ని సంగతులు ఒకేసారి దొరుకుతాయనుకోలేదు. సినిమావాళ్ళు పాటలు వాడుకుంటారన్న మాట మా తోటి టీచర్‌కి చదివి వినిపించాను, ఆయన వికీ మాట కొంచెం పక్కన పెట్టారు. మా మూడో తరగతి పాప మామ్మ ఒకావిడ ఉన్నారు, చుట్టరికాల పేర్లు చెప్పడానికి ఒప్పుకున్నారు, పాటలు అడగను. ఇంకొక్కటే డౌటు, పేజీలకి పేర్లు ఎలా పెట్టాలి? వాళ్ళు తమ భాషని చెప్పుకునే పేరు ఒకటి, పుస్తకాల్లో పేరు ఇంకోటి, సెన్సస్‌లో మరోటి.

మొలకల మేస్త్రి

పేజీ పేరు పుస్తకాల్లో ఉన్నదే పెట్టండి, "కొండెకోర్ గదబ భాష", "గుతోబ్ భాష", "ఒల్లారి భాష". వాళ్ళు పిలుచుకునే పేరు మొదటి వాక్యంలోనే బొద్దు అక్షరాల్లో వచ్చెయ్యాలి, దానికి మూలం భాస్కరరావు గారి పుస్తకంలో దొరుకుద్దేమో చూడండి, లేకపోతే ఆడియో ఫైలు వివరణలో రాసుకోవచ్చు. మిగతా పేర్లన్నిటికీ దారిమార్పులు, అంటే ఆ పేరు కొట్టినా ఇదే పేజీకి రావాలి. "గదబ" అని వెతికినవాళ్ళకి అయోమయ నివృత్తి పేజీ ఉండాలి, తెగ, మూడు భాషలు విడివిడిగా చూపిస్తూ. అంతకన్నా ముందు ఈ పేర్లతో పాత పేజీ ఏదన్నా ఉందేమో వెతకండి, ఉంటే కొత్తది మొదలెట్టకుండా దాని చర్చ పేజీలో విడగొడతానని రాసి ఓ వారం ఆగండి. పుస్తకం దొరక్కపోతే తెలుగు వికీపీడియా చర్చావేదిక రచ్చబండలో ఫలానా పేజీలు కావాలని అడగండి, యూనివర్సిటీ లైబ్రరీలకి వెళ్ళేవాళ్ళు ఉన్నారు అక్కడ. అయోమయ నివృత్తి పేజీ, సమాచారపెట్టె మూసలు నేను చూసుకుంటా, మీరు ప్రయోగశాలలో (మీ ఖాతాలో చిత్తుప్రతి రాసుకునే పేజీ) రాసి లింకు ఇక్కడ పెట్టండి.