అప్‌డేట్: ప్రార్థనకు మాటలు రావట్లేదని అడిగాను కదా

అమ్మ పోయాక మోకరిస్తే మాటలు రావట్లేదు, నా విశ్వాసం పోయిందా అని పోయిన నెల అడిగాను. జవాబిచ్చిన అందరికీ వందనాలు.

రోజుకు బైబిల్లో పది అధ్యాయాలు చదవమన్న సలహా నాకు కుదరలేదు, మూడో రోజుకే మూసేశాను. ఒక అక్క మాత్రం మొదటి రాజులు గ్రంథం 19వ అధ్యాయం ఒక్కటే చదవమన్నారు. అందులో ఏలీయా ప్రవక్త అరణ్యంలో బదరీ చెట్టు కింద చావు కోరుకుని పడుకుంటాడు. దేవదూత వచ్చి మందలించడు, లేచి తినమంటాడు. తల దగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ల బుడ్డి. తిని మళ్లీ పడుకుంటే, రెండోసారీ లేపి తినమనే అంటాడు! సండేస్కూల్లో మాకు ఏలీయా ప్రార్థిస్తే కర్మెలు కొండ మీద దిగిన అగ్ని గురించే చెప్పారు, ఇది చెప్పలేదు.

ఆ వారమే మా సంఘంలోని పెద్దావిడ స్టీలు క్యారేజీ తెచ్చారు. పప్పుచారు, దొండకాయ వేపుడు, అడుగు గిన్నెలో గోంగూర పచ్చడి. "ముందు తిను తల్లీ, ప్రార్థన తర్వాత చేద్దువుగాని" అన్నారు. ఏడుస్తూనే కడుపునిండా తిన్నాను.

మాటలొచ్చాయా అంటే, కొంచెం. పొద్దున్న టీ పెట్టి "ప్రభువా, ఈ రోజు..." అంటాను, అంతలోనే టీ పొంగుతుంది. ఆదివారం క్యారేజీ తిరిగివ్వాలి. ఖాళీగా ఇవ్వకూడదు కదా, సేమ్యా పాయసం చేద్దామనుకుంటున్నా.