"కణ మాంసకృత్తులు ప్రభావితం చేస్తాయి": ఈ వాక్యాన్ని ఎలా మార్చాలి?

ప్రశ్న: రోగులకిచ్చే కరపత్రంలో ఈ వాక్యం ఉంది: "హెపటైటిస్ బి సోకినవారిలో ఇంటర్‌ఫెరాన్ చికిత్సను కణ మాంసకృత్తులు ప్రభావితం చేస్తాయి." వ్యాకరణదోషం లేదు, అర్థమూ లేదు. పెద్దలు సవరించగలరు.

జవాబు 1: ముందు "మాంసకృత్తులు" తీసేయండి. ఆ మాట వింటే పప్పూ, గుడ్డూ, పాలూ గుర్తొస్తాయి. రోజుకు రెండు గుడ్లు తింటే ఇంటర్‌ఫెరాన్ సూదిమందు బాగా పనిచేస్తుందని అనుకునేవాళ్లు తప్పకుండా ఉంటారు. ఇక్కడ చెబుతున్నవి కాలేయ కణం తనలో తాను తయారుచేసుకునేవి, తిండితో వాటిని పెంచలేం. ఉత్త "ప్రొటీన్లు" అన్నా పొడి డబ్బాలే తలపుకొస్తాయి కాబట్టి "కాలేయ కణాల్లో తయారయ్యే ప్రొటీన్లు" అని విడదీసి రాయండి.

జవాబు 2: నాకైతే అసలు చిక్కు "ప్రభావితం చేస్తాయి" దగ్గరే ఉంది. మేలా, కీడా? రెండూ జరుగుతాయి. ఇంటర్‌ఫెరాన్ కణం పొర మీద సంకేతాన్ని అందుకునే ప్రొటీన్‌కు, అంటే గ్రాహకానికి అతుక్కుంటుంది. లోపల జాక్1, టైక్2 అనే ఎంజైములు మేల్కొని స్టాట్1, స్టాట్2 అనే ప్రొటీన్లకు ఫాస్ఫేటు తగిలిస్తాయి. ఆ రెండు స్టాట్‌లూ ఐఆర్‌ఎఫ్9 అనే ఇంకో ప్రొటీన్‌తో జతకట్టి కేంద్రకంలోకి వెళ్లి వందలాది జన్యువులను పనిలోకి దింపుతాయి. అంటే వైరస్‌ను అడ్డుకునేది నేరుగా మందు కాదు, మందు అందాక కణం తయారుచేసే ప్రొటీన్లు. ఇవి సాయపడేవి.

అడ్డుపడేవీ కణంలోనే ఉన్నాయి. సాక్స్1, సాక్స్3 అనే ప్రొటీన్లు జాక్‌ల పని ఆపుతాయి. యూఎస్‌పీ18 అనేది గ్రాహకాన్నే పట్టుకుని జాక్1ను దగ్గరికి రానివ్వదు, అందువల్ల ఆ తర్వాత వచ్చే ఇంటర్‌ఫెరాన్‌కు కణం సరిగా స్పందించదు. ఇవి సంకేతం శ్రుతిమించకుండా ఆపే మామూలు కళ్లేలే, వైరస్ పెట్టినవి కావు. వైరస్ చేసే పని వేరు: తన డీఎన్‌ఏకు నకళ్లు తీసే దాని ఎంజైము, పాలిమరేజ్, స్టాట్1ను కేంద్రకంలోకి పోనివ్వదు. వీటన్నిటినీ ఒక్క "ప్రభావితం" కింద కుక్కితే ఎలా?

జవాబు 3: తర్వాతి వాక్యంలో "వైరస్‌ను చంపుతుంది" అని ఉంటే అదీ కొట్టేయండి. కణ కేంద్రకంలో వలయాకారపు వైరస్ డీఎన్‌ఏ దాగి ఉంటుంది, మళ్లీ మళ్లీ వైరస్ పుట్టేది దాన్నుంచే. అపోబెక్3ఏ అనే కణ ప్రొటీన్ ఇంటర్‌ఫెరాన్ ప్రేరణతో ఆ డీఎన్‌ఏను పాడుచేయగలదని 2014లో కణ వర్ధనాల్లో చూపించారు. అంతమాత్రాన రోగికి "పూర్తిగా పోతుంది" అని రాయకూడదు. "అణచిపెడుతుంది" చాలు.

ప్రశ్న అడిగినవారు: సాక్స్, స్టాట్ పేర్లు కరపత్రంలో ఉండాలా?

జవాబు 2: ఒక్కటీ అక్కర్లేదు. "ఈ సూదిమందు కాలేయ కణాలను వైరస్ మీదికి ఉసిగొల్పుతుంది. కణాల్లోని కొన్ని ప్రొటీన్లు ఇందుకు తోడ్పడతాయి, కొన్ని అడ్డుపడతాయి. అందుకే మందు అందరిలో ఒకేలా పనిచేయదు." ఇంతే.

జవాబు 4: ఆ కాగితంలో చోటివ్వాల్సింది మోతాదుకు. పెగిలేటెడ్ (ఒంట్లో ఎక్కువసేపు నిలిచేలా మార్చిన) ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫా-2ఏ పెద్దలకు సాధారణంగా వారానికి 180 మైక్రోగ్రాములు, చర్మం కింద, 48 వారాలు. మన దేశంలో ఎక్కువగా కనిపించే 'డి' జన్యురకపు వైరస్ దీనికి 'ఏ' జన్యురకం లొంగినంత బాగా లొంగదు. డి రకమై, రక్తంలో హెచ్‌బీఈ యాంటిజెన్ (ఒక వైరస్ ప్రొటీన్) లేనివారిలో 12 వారాలకు ఉపరితల యాంటిజెన్ (వైరస్ పైపొర ప్రొటీన్) ఏమాత్రం తగ్గక, వైరస్ డీఎన్‌ఏ కూడా వందో వంతుకు దిగకపోతే ఆపేయమంటాయి ఐరోపా మార్గదర్శకాలు. ఇక్కడ "చికిత్స విఫలమైంది" కన్నా "ఈ మందుకు లొంగలేదు, వేరే మందులున్నాయి" అని రాస్తే మేలు.

జవాబు 3: ఇంకొకటి. చికిత్స మధ్యలో ఏఎల్‌టీ (కాలేయ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) పెరిగితే "కాలేయం పాడైంది" అని రాయొద్దు, సోకిన కణాల మీద రోగనిరోధక దాడి వల్లా పెరగవచ్చు. అలాగని "మంచి సూచన" అని కూడా వద్దు, కామెర్లలో పెరిగే పసుపు పదార్థం బిలిరుబిన్ కూడా పెరుగుతుంటే ప్రమాదమే. "ఏఎల్‌టీ పెరిగితే వెంటనే డాక్టరుకు చూపించండి" అని రాసి ఊరుకోండి.