శ్రీలంక 2022 సంక్షోభం: ఇళ్లలో ఏం మారిందో తెలిసినవాళ్లు చెప్పగలరా?

నమస్కారమండి. నేను డిగ్రీ పిల్లలకు ఎకనామిక్స్ చెబుతాను. శ్రీలంక సంక్షోభం మీద పాఠం తయారు చేస్తున్నాను. లెక్కల భాగానికి లోటు లేదు. 2021లో రసాయన ఎరువులు ఉన్నపళంగా నిషేధించడం, కోవిడ్‌తో టూరిజం పడిపోవడం, డాలర్లు నిండుకోవడం, 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పుల చెల్లింపు ఆపేయడం, సెప్టెంబరుకల్లా ద్రవ్యోల్బణం 70 శాతానికి చేరడం, ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. జులై 9న జనం అధ్యక్ష భవనంలోకి వెళ్లిన వీడియోలైతే అందరూ చూసినవే.

నాకు అర్థం కానిది మనుషుల సంగతి. ఖాళీ గ్యాస్ సిలిండర్లను గొలుసుతో కట్టి వరసలో పెట్టుకున్నారు. పెట్రోలు బంకుల దగ్గర గంటల తరబడి నిలబడి కొందరు పెద్దవాళ్లు ప్రాణాలే వదిలారు. కాగితం లేక బడి పరీక్షలు వాయిదా పడ్డాయి. ఇంత జరిగాక ఇరుగుపొరుగు మరింత దగ్గరయ్యారా, లేక ఎవరి బతుకు వాళ్లదే అయిందా? నెలజీతం మీద బతికేవాళ్లు ముందు దేన్ని మానుకున్నారు: పాలా, ట్యూషనా, మందులా? అధ్యక్షుడు గోటబయ రాజపక్స దిగిపోవాలంటూ కొలంబోలో నిరసనకారులు వేసిన ‘గోటా గో గామా’ శిబిరంలో సింహళ, తమిళ, ముస్లిం జనం కలిసి కూర్చున్నారు కదా, ఆ సఖ్యత తర్వాత ఎంతవరకు నిలిచింది? తల్లి గల్ఫ్‌కు పనికి వెళ్లిన ఇళ్లలో పిల్లల్ని ఎవరు చూసుకున్నారు?

ఉద్యోగం కోసమో వ్యాపారం కోసమో ఆ రోజుల్లో కొలంబోలో, జాఫ్నాలో ఉన్న తెలుగువాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చూసింది చూసినట్టు రాయండి. చిన్న విషయమైనా పర్వాలేదు. ఇంటి ఖర్చులు, వలసల మీద నమ్మదగిన అధ్యయనాలు తెలిస్తే వాటి పేర్లు కూడా చెప్పండి.