ఇంటి నుంచే పాల్గొనే క్లినికల్ ట్రయల్: సొంత స్మార్ట్‌ఫోన్ లేనివారి మాటేమిటి?

ప్రశ్న – ఎథిక్స్ కమిటీ సభ్యురాలు, గుంటూరు

అందరికీ నమస్కారం. నేను వైద్యురాలిని కాను. మనుషులపై జరిపే పరిశోధనలను ముందుగా పరిశీలించే ఒక ఆసుపత్రి ఎథిక్స్ కమిటీలో సామాన్య ప్రజల తరఫున సభ్యురాలిని. మధుమేహం మందును రోగులపై పరీక్షించే ఒక ట్రయల్ మా పరిశీలనకు వచ్చింది. రోగి ఆసుపత్రికి రానక్కర్లేదు. సమ్మతి పత్రంపై ఫోన్‌లోనే సంతకం చేస్తారు, మందు కొరియర్‌లో వస్తుంది, చేతికి అతికించిన సెన్సర్ చక్కెర రీడింగులను యాప్‌కు పంపుతుంది, డాక్టరు వీడియో కాల్‌లో మాట్లాడతారు. కూలి పోగొట్టుకుని బస్సెక్కి రావలసిన అవస్థ తప్పుతుంది కనుక పల్లె రోగులకు కూడా అవకాశం దొరుకుతుందని ప్రతిపాదనలో రాశారు. ఆ మాట నిజమే. అయితే సొంత స్మార్ట్‌ఫోన్, ఇంటర్నెట్ ఉన్నవారే అర్హులని అదే పత్రంలో ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 నాటికి ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతమే. ఈ లెక్క తర్వాత పెరిగి ఉండవచ్చు, కానీ వయసు మళ్లినవారి పరిస్థితి నాకు కళ్లెదుటే కనిపిస్తోంది. ట్రయల్‌ను ఆపడం నా ఉద్దేశం కాదు. ఏ మార్పులు కోరాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

సమాధానం – స్టడీ కోఆర్డినేటర్, వరంగల్

మేడమ్ గారూ, ఫోన్ ఉందా అని అడిగితే చాలా ఇళ్లలో ఉందనే చెబుతారు, కానీ అది పగలంతా కొడుకు జేబులో ఉంటుంది. నేను పనిచేసిన ఒక అధ్యయనంలో ఒక పెద్దావిడ రోజూ తన ఆరోగ్య వివరాలు యాప్‌లో నమోదు చేయాలి. ఓటీపీ కొడుకు నంబరుకు వెళ్లేది. అతను రాత్రి పని నుంచి వచ్చి, తల్లిని అడగకుండానే ‘ఏ ఇబ్బందీ లేదు’ అని నొక్కేసేవాడు. ఆవిడతో నేరుగా ఫోన్‌లో మాట్లాడిన రోజునే కాళ్ల వాపు సంగతి బయటపడింది. అందుకని ఫోన్, సిమ్, డేటా మూడూ స్పాన్సర్ (ట్రయల్ జరిపించే సంస్థ) ఖర్చుతో రోగి చేతికే ఇవ్వాలని, యాప్ వద్దనుకునేవారికి వారానికోసారి తెలుగులో ఫోన్ చేసి వివరాలు రాసుకునే మనిషి ఉండాలని పట్టుబట్టండి. మరో సంగతి: మిరప కోతల్లో ఎండకూ చెమటకూ సెన్సర్ ఊడిపోతుంది. రీడింగులు రాలేదని అలాంటివారిని సహకరించనివారిగా లెక్కగట్టి తొలగించకుండా, అదనపు సెన్సర్లు ముందే ఇవ్వాలి.

సమాధానం – బయోస్టాటిస్టిషియన్ (వైద్య గణాంక నిపుణులు), ఇంగ్లండ్

పాల్గొన్నవారి సంఖ్య ఎంత పెద్దదైనా అందులో ఎవరున్నారో చూడాలి. గుండె లయ తప్పడాన్ని గడియారంతో గుర్తించడానికి 2017లో అమెరికాలో మొదలైన ఆపిల్ హార్ట్ స్టడీలో 4,19,297 మంది చేరారు. సొంత ఐఫోన్, ఆపిల్ వాచ్ ఉండాలన్నది షరతు. వయసుతో పాటు పెరిగే జబ్బు అది, అయినా 65 ఏళ్లు దాటినవారు ఆరు శాతంలోపే. దీనికి భిన్నంగా, కోవిడ్ రోగులకు ఇంటి వద్దే చికిత్సలను పరీక్షించడానికి 2020లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం మొదలుపెట్టిన ప్రిన్సిపుల్ ట్రయల్‌లో ఇంటర్నెట్ లేనివారు ఫోన్ చేసి చేరే వీలు కల్పించారు. ఫార్మసిస్ట్ అయిన ప్రొఫెసర్ మహేంద్ర పటేల్ దక్షిణాసియా కుటుంబాలకు నమ్మకం ఉన్న సంఘాల ద్వారా ఆ కబురు చేరవేశారు. మీరు తప్పక అడగవలసింది మరొకటి ఉంది. చేరినవారి లెక్కే కాక, చేరలేకపోయినవారి వయసు, స్త్రీపురుష భేదం, ఊరు, కారణం కూడా నమోదు చేయించి, మూడు నెలలకోసారి కమిటీకి చూపించమనండి.

సమాధానం – న్యాయవాది, ఖమ్మం

సమ్మతి విషయంలో మా జిల్లా అనుభవం మరువరానిది. 2009లో ఇక్కడి బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా వేసిన ప్రాజెక్టు గురించి పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013లో ఇచ్చిన నివేదిక చూడండి: ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 పత్రాలపై సంతకాలు హాస్టల్ వార్డెన్లవి. కాగితం మీదే అలా జరిగినప్పుడు, తెర మీది గుర్తును ఎవరు నొక్కారో ఎలా తెలుస్తుంది? చదవలేనివారి సమ్మతికి నిష్పాక్షిక సాక్షి ఉండాలని 2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు చెబుతున్నాయి. వీడియో కాల్‌లో ఆ సాక్షి ఎక్కడ కూర్చుంటారో, కుటుంబ సభ్యులు లేకుండా రోగితో కాసేపు ఎవరు మాట్లాడతారో రాతపూర్వకంగా అడగండి.

ప్రశ్న అడిగినవారు

మీ అందరికీ కృతజ్ఞతలు. సొంత ఫోన్ ఉండాలన్న షరతు తొలగించమని రాస్తున్నాను. ఒక్క సందేహం మిగిలింది: ఫోన్ ఇవ్వడం పేదవారికి ఆశ చూపి చేర్చుకున్నట్లు కాదా అని మా కమిటీలో ఒకరు అడుగుతున్నారు.

సమాధానం – స్టడీ కోఆర్డినేటర్, వరంగల్

ట్రయల్ కోసం అయ్యే ఖర్చును, పోయిన కూలిని భరించడాన్ని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు అనుమతిస్తాయి. అనుచిత ప్రలోభమే కూడదు. ఫోన్‌ను సెన్సర్ లాగే పరికరంగా చూపి, ట్రయల్ ముగిశాక తిరిగి తీసుకుంటామని సమ్మతి పత్రంలో రాయించండి. మధ్యలో మానుకున్నా, ఫోన్ పాడైనా డబ్బు అడగబోమన్న వాక్యం కూడా అక్కడే ఉండాలి, లేకపోతే ఆ భయంతోనే కొందరు మానుకోలేరు.