16 నెలల బాబుకి ఏ బొమ్మలు కొనాలి? బడ్జెట్ రెండు వేలు

కాకినాడ కాజా:
బాబుకి 16 నెలలు. పట్టు లేకుండా నడుస్తాడు. చేతికి దొరికిందల్లా నోట్లోకే. పుట్టినరోజుకి వచ్చినవన్నీ బ్యాటరీ బొమ్మలే: ఏబీసీడీ పాడే ల్యాప్‌టాప్, లైట్లు తిరిగే కారు, మాట్లాడే ఫోను. రెండు నిమిషాలు నొక్కి పడేస్తాడు. రింగుల స్టాండు ఇస్తే రింగులు పీకి విసరడమే, ఒక్కటీ తిరిగి ఎక్కించడు. ఆకారాలు వేసే డబ్బా కూడా అంతే. "వీడు చురుకు, 3+ బొమ్మలు కొనేద్దాం" అని ఇంట్లో ఒక వాదన. అమ్మమ్మగారేమో మధ్యలో కూర్చోబెట్టే చక్రాల వాకర్ తెస్తానంటున్నారు. కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలు ఇవ్వొచ్చా? రెండు వేలలో ఏం కొనాలి, ఉన్నవాటిలో ఏవి తీసేయాలి?

ఆటా మాటా (పిల్లల ఆక్యుపేషనల్ థెరపీ):
రింగులు పీకి విసరడం తప్పు కాదండీ, ఆ వయసు పనే అది. పిల్లలకి తీయడం ముందు వస్తుంది, పెట్టడం తర్వాత. చేతిలోదాన్ని సరైన చోట వదలడం పట్టుకోవడం కన్నా కష్టం. అందుకే 12 నుంచి 18 నెలల మధ్య డబ్బాలో వేసి తీసే ఆటలే అన్నిటికన్నా బాగా నడుస్తాయి.

మీ స్టాండు ఒకసారి చూడండి. కడ్డీ కింద లావుగా, పైన సన్నగా ఉందా? అలాంటిదైతే చిన్న రింగు కిందికి దిగదు, వరస తప్పితే ఆట ఆగిపోతుంది. పరిమాణాల వరస 16 నెలల బుర్రకి ఇంకా అందదు. అయిదు రింగుల్లో పెద్దవి రెండు మాత్రం ఉంచి మిగతావి దాచేయండి. కడ్డీ నిటారుగా, ఒకే మందంలో ఉన్నది దొరికితే మరీ మంచిది. ఆకారాల డబ్బాకి కూడా ఇదే చిట్కా: గుండ్రటి రంధ్రం వదిలి మిగతావాటి మీద టేపు వేయండి. గుండ్రటిది ఎటు తిప్పినా పడుతుంది. చదరానికి, త్రిభుజానికి మణికట్టు తిప్పి సరిచూసుకోవాలి. చదరం రెండేళ్ళు దగ్గర పడుతుంటే తెరవండి, నక్షత్రం ఆ తర్వాత చూద్దాం.

డబ్బు పెట్టకుండా అయ్యేది ఒకటుంది. వెడల్పాటి ప్లాస్టిక్ మూత ఉన్న డబ్బా తీసుకుని, మూతకి 7 సెంటీమీటర్ల పొడవు, 2 సెంటీమీటర్ల వెడల్పున చీలిక కోయండి. అంచులకి గుడ్డ టేపు అంటించండి, లేకపోతే వేళ్ళు గీసుకుంటాయి. 5, 6 సెంటీమీటర్ల జాడీ మూతలు ఓ ఆరు ఇవ్వండి. డబ్బా స్టీలుదైతే పడ్డప్పుడల్లా ఠంగుమంటుంది, ఆ చప్పుడు కోసమే మళ్ళీ వేస్తాడు. రూపాయి బిళ్ళలు మాత్రం వద్దు. ఒకదాంట్లో ఒకటి ఇమిడే స్టీలు గిన్నెలు మూడు కూడా ఇదే పనికొస్తాయి. మూడింటి మధ్య తేడా స్పష్టంగా ఉండాలి.

కొనాల్సినవి: 4 సెంటీమీటర్ల చెక్క దిమ్మెలు ఎనిమిదో పదో చాలు, వంద ముక్కల సెట్టు దండగ. సుమారుగా 15 నెలలకి రెండు, 18కి మూడు నాలుగు, రెండేళ్ళకి ఆరు నిలబెడతారు. కాబట్టి కట్టేది మీరు, కూలగొట్టేది వాడు. ప్రస్తుతానికి ఒప్పందం అదే. 15, 20 సెంటీమీటర్ల మెత్తని బంతి ఒకటి. గాలి కొంచెం తీస్తే పట్టు దొరుకుతుంది, గోడకి కొట్టుకుని దూరంగా పోదు. గట్టి అట్ట పేజీల పుస్తకాలు రెండు. మిగిలినదంతా పిల్లలు నిలబడి తోసుకుంటూ నడిచే తోపుడు బండికి పెట్టండి.

నాలుగైదు బొమ్మలే బయట ఉంచి, మిగతావి మూటకట్టి వారానికోసారి మార్చండి. అమెరికాలో టోలెడో విశ్వవిద్యాలయం 2018లో ప్రచురించిన అధ్యయనంలో 18 నుంచి 30 నెలల పిల్లల ముందు ఓసారి 4, ఓసారి 16 బొమ్మలు పెట్టి చూశారు. నాలుగున్నప్పుడు ఒక్కోదానితో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు.

లక్కపిడత:
కొండపల్లి, ఏటికొప్పాక రెండూ ఒక గాటన కట్టకండి. కొండపల్లివి తెల్లపొణికి కర్రతో చేస్తారు. చేతులు, కాళ్ళు విడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికించి పైన రంగు వేస్తారు. తేలిక కర్ర, సన్నని అతుకులు. బొమ్మల కొలువులో పెట్టడానికి, నోట్లో పెట్టడానికి కాదు.

ఏటికొప్పాకవి అంకుడు కర్రని తరిణె (లేత్) మీద తిప్పి లక్క పట్టిస్తారు. 2017లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. ఒకే ముక్కగా తిప్పినవి, ముఖ్యంగా లావుపాటి గిలక్కాయలు, ఈ వయసుకి బాగుంటాయి. లక్కపిడతల సెట్టు మాత్రం మూడేళ్ళు దాటాకే. అందులో మూతలు, గరిటెలు గొంతుకి సరిగ్గా సరిపోయే సైజు. మొక్కల రంగులని చెప్పి మామూలు పెయింటు వేసినవి కూడా అమ్ముతారు. తడి తెల్లగుడ్డతో గట్టిగా రుద్దితే రంగు అంటిందంటే కొనకండి. అంటకపోయినంత మాత్రాన రంగులో సీసం లేదని అనుకోవడానికీ లేదు, అందుకే తయారీ చోటు తెలిసిన దుకాణంలోనే తీసుకోండి. ఇంటికొచ్చాక నానబెట్టకండి, తడిగుడ్డతో తుడిస్తే చాలు.

ఫ్యాక్టరీ బొమ్మలకైతే 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. మామూలు బొమ్మకి ప్రమాణం నంబరు ఐఎస్ 9873, కరెంటు, బ్యాటరీలతో నడిచేవాటికి ఐఎస్ 15644. గుర్తు కింద సీఎం/ఎల్ అని లైసెన్సు నంబరు ఉంటుంది, ఆ గుర్తు ఇచ్చే ప్రమాణాల సంస్థ బీఐఎస్ వాళ్ళ 'బీఐఎస్ కేర్' యాప్‌లో కొట్టి చూడొచ్చు. నమోదైన హస్తకళాకారుల బొమ్మలకి, భౌగోళిక గుర్తింపు ఉన్నవాటికి ఈ నిబంధన నుంచి మినహాయింపు. అంటే ఏటికొప్పాక బొమ్మ మీద ఐఎస్ఐ లేకపోతే నకిలీ అని కాదు, కానీ పరీక్ష మీరే చేసుకోవాలి.

నైట్ డ్యూటీ (పిల్లల వార్డు):
"చురుకు కాబట్టి 3+" అనే వాదనకి జవాబు: ఆ అంకె తెలివి గురించి కాదు, గొంతు గురించి. మూడేళ్ళలోపు పిల్లల బొమ్మల్లో 31.7 మిల్లీమీటర్ల వ్యాసమున్న గొట్టంలో పూర్తిగా మునిగే ముక్క ఉండకూడదు. 3+ బొమ్మకి ఆ షరతు లేదు. ఇంట్లో టాయిలెట్ పేపర్ రోలు గొట్టం పెట్టి చూడండి. అది ఇంకాస్త వెడల్పు, అందులో పట్టేదేదైనా పక్కన పెడితే మీకే మేలు. బంతులకి, గోళీలకి ఇంకా కఠినం, 44.5 మిల్లీమీటర్ల లోపు వద్దు. గుడ్డ బొమ్మ కళ్ళు గుండీలైతే కత్తిరించి దారంతో కుట్టేయండి. లాగుడు బొమ్మ తాడు జానెడు దాటకూడదు. గాలిబుడగ పగిలాక ముక్కలు వెంటనే ఏరేయండి.

మీ దగ్గరున్న బ్యాటరీ బొమ్మల్ని ఈ రోజే బోర్లించి చూడండి. బ్యాటరీ మూతకి స్క్రూ లేకపోతే ఇంట్లో ఉండకూడదు. తిరునాళ్ళలో అమ్మే లైటు ఉంగరాలు, పాడే గ్రీటింగ్ కార్డులు అన్నిటికన్నా ప్రమాదం. వాటిలో ఉండే బిళ్ళ బ్యాటరీ ఆహారనాళంలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే కాలిన గాయం చేస్తుంది. మింగాడని అనుమానమొస్తే వాంతి చేయించకండి, తిండి పెట్టకండి, నేరుగా ఎండోస్కోపీ ఉన్న ఆసుపత్రికి వెళ్ళండి. మింగి 12 గంటలు దాటకపోతే, ఏడాది నిండిన బిడ్డ మింగగలుగుతుంటే, దారిలో పది నిమిషాలకోసారి రెండు టీస్పూన్ల తేనె ఇవ్వొచ్చు, ఆరుసార్లకి మించకుండా. తేనె కోసం వెతుకుతూ ఆలస్యం మాత్రం చేయకండి. చిన్న అయస్కాంతాలు రెండు మింగినా అంతే అత్యవసరం. పేగుల గోడల్ని మధ్యలో నొక్కి చిల్లు చేస్తాయి. నీళ్ళలో ఉబ్బే జెల్లీ పూసలు మింగితే లోపల కూడా ఉబ్బుతాయి, అసలు కొనకండి.

కాకినాడ కాజా:
ల్యాప్‌టాప్‌కి స్క్రూ ఉంది, ఫోనుకి లేదు, తీసేశాను. వాకర్ గురించి అమ్మమ్మగారికి ఏమని చెప్పను?

ఆటా మాటా:
వాకర్ నడక నేర్పదు, పైగా బాబు ఇప్పటికే నడుస్తున్నాడు. మెట్ల మీద నుంచి పడిపోవడం, స్టవ్వు దగ్గరికి దూసుకుపోవడం దాంతోనే ఎక్కువ. కెనడా 2004లోనే నిషేధించింది. అమ్మమ్మగారిని చెక్క తోపుడు బండి తెమ్మనండి, ఆమె మాటా నిలుస్తుంది. ఖాళీ బండి టైల్స్ మీద ముందుకి జారిపోయి బాబు బోర్లా పడతాడు. అడుగున రెండు కిలోల బియ్యం సంచి పెట్టి కట్టండి, చక్రాలకి రబ్బరు పట్టీ ఉందో లేదో చూడండి. నెల తర్వాత ఆ బియ్యం తీసేసి దిమ్మెలు నింపుకుని తోలుతాడు.

ఇక ఆ ల్యాప్‌టాప్ పారేయక్కర్లేదు. బ్యాటరీలు తీసి ఇవ్వండి. పాట పోయినా మూత తెరిచి మూస్తూ కూర్చుంటాడు, మధ్యలో మీరు మాట్లాడటానికి చోటు దొరుకుతుంది.