ఈ వారం సమస్య: సీటు సంజీవుడిచ్చె సంజీవునకును

బురుజు నీడ (కర్నూలు):
అందరికీ నమస్కారం. మన గుంపు ఆట తెలిసిందే: చిక్కుగా ఉండే చివరి పాదం (సమస్య) ఒకరిస్తే, దానికి అర్థం కుదిరేట్టు ముందు పాదాలు రాయడం (పూరణ) మిగతావాళ్ళ పని. పోయిన వారం ఉత్పలమాల సమస్య ఇస్తే రెండే పూరణలు వచ్చాయి, అందులో ఒకటి నాది. అందుకే ఈసారి తేటగీతికి దిగొచ్చాను. సమస్య ఇది:

సీటు సంజీవుడిచ్చె సంజీవునకును

తన సీటు తనకే ఎట్లా ఇచ్చుకుంటాడన్నది చిక్కు. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు (గణమంటే గురులఘువుల గుంపు). నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే అది పాదం మొదటి అక్షరంతో పొసగాలి. ఇక్కడ సీ-జీ చెల్లుతుంది. ప్రాసయతి (మొదటి అక్షరాల బదులు వాటి పక్క అక్షరాలు కలపడం) వేసుకున్నా ఒప్పుకుంటాను. రాయాల్సింది మూడు పాదాలే కదా అని బస్సులో నిలబడి గీకి పంపకండి.

కేసీ కాలువ గట్టు (కడప):
ఇదేంది సార్, పద్యంలో 'సీటు'! గద్దె ఉంది, పీఠం ఉంది, ఆసనం ఉంది. తెలుగుకు అంత కరువొచ్చిందా?

బురుజు నీడ:
గద్దె పెడితే 'గ'కు 'జీ' కుదరదు, పీఠం పెడితే 'పీ'కి కుదరదు. చ, జ, శ, స వరుసలో ఇకారమో ఎకారమో ఉన్న మాట కావాలి. రెండు రోజులు వెతికితే సీటు దొరికింది. అయినా ఎన్నికలప్పుడు "మావోడికి ఆసనం వచ్చింది" అని మన పక్క ఎవరైనా అనగా విన్నారా?

పెన్నేటి ఇసుక (అనంతపురం):
నా పూరణ.

కాంగ్రెసధ్యక్షుడై రెడ్డి కదలిపోవ
ముఖ్యమంత్రిగ పెదపాడు మొలక నిలిచె
పేరులొకటైన వారలు వేరు గాదె
సీటు సంజీవుడిచ్చె సంజీవునకును

మా ఇల్లూరు నీలం సంజీవరెడ్డి గారు, మీ కర్నూలు దామోదరం సంజీవయ్య గారు. ఇంతకంటే వివరం అక్కర్లేదనుకుంటా.

బురుజు నీడ:
అన్నా, నేను సమస్య కట్టింది ఈ ఇద్దర్ని మనసులో పెట్టుకునే. మొదటి పూరణే గురి చూసి కొట్టింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు తొలి ముఖ్యమంత్రి సంజీవరెడ్డి. 1960 జనవరిలో ఆయన కాంగ్రెసు అధ్యక్షుడిగా ఢిల్లీకి పోతే ఆ కుర్చీలో కూర్చున్నది సంజీవయ్య. అప్పటికి ఆయనకు నిండా 39 ఏళ్ళు లేవు. దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి.

ఇక తప్పులు. ఊరి పేరు పెద్దపాడు. 'ద్ద' పెడితే గణం చెడుతుందని 'పెదపాడు' చేశారు. ఆ ఊరివాళ్ళు చదివితే ఊరుకోరు. 'కాంగ్రెసధ్యక్షుడు' అన్న సమాసానికి వ్యాకరణం తెలిసినవాళ్ళు ముఖం చిట్లిస్తారు గానీ నోట్లో సాఫీగా తిరుగుతోంది, నేను వదిలేస్తున్నా. మూడో పాదం మాత్రం నాకు నచ్చలేదు. "పేరు ఒకటే, మనుషులు వేరు" అని విప్పి చెప్పేస్తే నాలుగో పాదానికి వచ్చేసరికి చదివేవాడికి ఆశ్చర్యం ఏం మిగులుతుంది? సమస్యను సమర్థించాలి, దానికి టిప్పణి రాయకూడదు.

పెన్నేటి ఇసుక:
మూడో పాదం సంగతి ఒప్పుకుంటా. పెదపాడు మార్చను. మొలక అంటే ము-మొ యతి ఎంత ముచ్చటగా పడిందో చూడండి.

రాగిసంగటి (ప్రొద్దుటూరు):
ఇసుక అన్న సగం కథే చెప్పినాడు. మిగతా సగం నాది.

రెండు వత్సరముల మీద రెడ్డి రాగ
అరువు దీర్చినయట్టులే యయ్య లేచె
కాంగ్రెసున రెడ్డి వీడిన గద్దె నెక్కె
సీటు సంజీవుడిచ్చె సంజీవునకును

కేసీ కాలువ గట్టు:
అబ్బా! ఇది పూరణ. 1962 మార్చిలో సంజీవయ్య దిగితే సంజీవరెడ్డి మళ్ళీ ముఖ్యమంత్రి. ఆ ఏడే సంజీవరెడ్డి వదిలిన కాంగ్రెసు అధ్యక్ష పదవిలోకి సంజీవయ్య. అంటే రెండేళ్ళలో ఇద్దరూ రెండు కుర్చీలూ మార్చుకున్నారు. ఇప్పుడు చెప్పండి, ఎవరు ఎవరికి ఇచ్చినట్టు? పద్యం చెప్పదు, చెప్పకపోవడమే దాని అందం.

ఒక్క మాట. 'రాగ' అని ఆపి కింది పాదం 'అరువు' అని అచ్చుతో ఎత్తుకున్నావు. విసంధి, అంటే సంధి చేయాల్సిన చోట చేయకుండా వదిలేయడం. పాతకాలం పెద్దలైతే ఒప్పుకోరు.

రాగిసంగటి:
పాదం చివర కొంచెం ఊపిరి తీసుకోనియ్యండి సార్.

బురుజు నీడ:
ప్రొద్దుటూరు నీళ్ళు అట్లాంటివి. దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వేంకట శేషశాస్త్రి జంటగా అవధానాలు చేసిన ఊరు మరి. విసంధి ఉన్నా 'అరువు దీర్చినయట్టులే' అన్న ముక్క కోసం ఈ పద్యాన్ని గుర్తుపెట్టుకుంటాను. ఇంకో సంగతి గమనించారా? ఇతను రెడ్డి, అయ్య అన్న తోకల్ని మాత్రమే వాడి అసలు పేరును చివరి పాదం దాకా దాచాడు. తోకలు తీసేస్తే ఇద్దరికీ మిగిలేది ఒకే పేరు. ఆ రోజుల్లో ఆ తోకలకు ఎంత బరువుండేదో మనకు తెలియంది కాదు.

ఉగ్గాని బజ్జీ (గుత్తి):
మీరు రాజకీయాల్లో ఉండండి, నేను బస్సెక్కుతున్నా. సార్ వద్దన్నాడు కాబట్టే బస్సులోనే రాసినా.

గుత్తి బస్సున వృద్ధుడు గుంజ పట్టె
లేచె కాలేజి కుర్రాడు లెస్సగాను
పేరులడుగగ నిద్దరి పేరు నొకటె
సీటు సంజీవుడిచ్చె సంజీవునకును

బురుజు నీడ:
'లెస్సగాను' ఎందుకొచ్చింది? కుర్రాడు సీట్లో నుంచి లెస్సగా లేవడం ఏమిటి? 'లే'కు యతి దొరక్క తెచ్చి ఇరికించిన మాట అది. మిగతాదంతా హాయిగా ఉంది. కర్నూలు, అనంతపురం మధ్య గుత్తి దాకా గుంజ పట్టుకుని పోయినవాళ్ళందరికీ ఇది సొంత కథే.

పెన్నేటి ఇసుక:
బజ్జీ తమ్ముడూ, నీకు తెలియకుండానే చరిత్రలో వేలు పెట్టినావు. 1964లో సంజీవరెడ్డి గారు ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేసింది బస్సుల వల్లే. బస్సు రూట్ల జాతీయకరణ కేసులో సుప్రీంకోర్టు వ్యాఖ్యలు చేసిన తర్వాత దిగిపోయారు. ఆ రూట్లు కూడా ఎక్కడివో కాదు, కర్నూలు జిల్లావి. అప్పుడు మాత్రం సీటు ఇంకో సంజీవుడికి పోలేదు, కాసు బ్రహ్మానందరెడ్డికి పోయింది.

ఉగ్గాని బజ్జీ:
ఇంత అర్థం ఉందని ముందే తెలిస్తే లెస్సగాను తీసేసి ఉందును.

కొత్త పెన్ను (నంద్యాల):
నేను గుంపులో చేరి నెల కాలేదు. తప్పులుంటే తిట్టండి, టెన్షన్‌గానే పెడుతున్నా. మొదటి రెండు పాదాలు:

రాష్ట్రపతి పీఠ మందిన రాజు రెడ్డి
సంతసించెను కర్నూలు మిత్రుడొకడు

కేసీ కాలువ గట్టు:
తిట్టేదేం లేదు తల్లీ, గణాలన్నీ సరిపోయినాయి. రెండో పాదంలో 'సం'కు 'మి' యతి కుదరదు. "మెచ్చె ముదమార కర్నూలు మిత్రుడొకడు" అని మార్చుకో, మె-మి అవుతుంది. అసలు ఇబ్బంది యతి కాదు. సంజీవరెడ్డి గారు రాష్ట్రపతిగా ఏకగ్రీవంగా ఎన్నికైంది 1977లో. సంజీవయ్య గారు 1972లోనే పోయినారు. ఆ మిత్రుడు ఎక్కడి నుంచి మెచ్చుకుంటాడు?

కొత్త పెన్ను:
అయ్యో. ఆ తేదీ చూసుకోలేదు సార్. తీసేస్తున్నా.

బురుజు నీడ:
తీయొద్దమ్మా, ఉండనీ. మనలో తేదీలు చూసి పద్యం రాసేవాళ్ళెవరు?

కేసీ కాలువ గట్టు:
ఇంతసేపు అందర్నీ విమర్శించి నేను రాయకపోతే బాగుండదు. మనుషుల్ని వదిలి దేవుడి దగ్గరికి పోయినాను.

మ్రొక్కె డాక్టరు సీటుకై ముడుపు గట్టి
హనుమ పేరున పెరిగిన యర్భకుండు
కొండ దెచ్చిన దొరకిది కొండ గాదు
సీటు సంజీవుడిచ్చె సంజీవునకును

మన సీమలో ఆంజనేయుడికి సంజీవరాయుడని పేరు. పుల్లంపేట దగ్గర తిప్పాయపల్లెలో సంజీవరాయుడికి సంక్రాంతి ముందు మగవాళ్ళే పొంగళ్ళు పెడతారు. ఇక్కడ ఇంతమంది సంజీవులు, సంజీవమ్మలు ఉండేది ఆ సామి వల్లే. ఇల్లూరులోనూ పెద్దపాడులోనూ ఒకే పేరు మొలవడంలో వింతేముంది?

రాగిసంగటి:
చేతులెత్తి మొక్కుతున్నా సార్. "కొండ దెచ్చిన దొరకిది కొండ గాదు" దగ్గర రెండుసార్లు ఆగినాను.

పెన్నేటి ఇసుక:
నాకొక అనుమానం. అర్భకుడంటే పసివాడు కదా. డాక్టరు సీటుకు మొక్కేవాడు పసివాడెట్లా అవుతాడు? గడ్డం కూడా వచ్చి ఉంటుంది.

కేసీ కాలువ గట్టు:
'హ'కు యకారమో అకారమో కావాల. ఆ తొందరలో గడ్డం గీకేసినా.

బురుజు నీడ:
ఈ వారం నా ఓటు దీనికే, గడ్డం లేకపోయినా సరే. కారణం చెప్తాను. సీటన్న మాట మీద మొదట గొడవ చేసింది ఈయన. చివరికి ఆ మాటను కాలేజీ సీటుగా తిప్పి, దాన్ని వదలడానికి వీల్లేకుండా కట్టింది కూడా ఈయనే. ఇందులో గద్దె పెట్టి చూడండి, యతి సంగతి దేవుడెరుగు, పద్యానికి అర్థమే ఉండదు. ముఖ్యమంత్రుల పూరణల్లో చరిత్ర ముందే మనకు సగం పని చేసి పెట్టింది. ఇక్కడ ఆ సాయం లేదు.

రాగిసంగటి:
సార్, పేర్ల మీదే ఇంకొకటి ఇవ్వండి. చేయి వేడిగా ఉంది. నారాయణ అయితే ఎట్లుంటుంది? 1928లో నంద్యాల సభలో 'రాయలసీమ' అన్న పేరు పెట్టింది చిలుకూరి నారాయణరావు. మా పక్క పుట్టపర్తి నారాయణాచార్యులు.

బురుజు నీడ:
ఇద్దరూ పండితులే, ఇద్దరికీ తగువు పెట్టలేం. తగువు లేనిదే సమస్య పండదు. వచ్చే వారానికి ఆటవెలది, చివరి పాదం:

నాగిరెడ్డి కెదురు నాగిరెడ్డి

ఒకరు అనంతపురం జిల్లా తరిమెల నాగిరెడ్డి, కమ్యూనిస్టు. ఇంకొకరు కడప జిల్లా పొట్టిపాడులో పుట్టిన బి. నాగిరెడ్డి. చక్రపాణితో కలిసి 1947లో చందమామ పెట్టినాయన, విజయా వారి సినిమాలు తీసినాయన. వారం టైం ఉంది.

ఉగ్గాని బజ్జీ:
వారమెందుకు సార్, గుత్తి వచ్చేలోపు అయిపోయింది.

సీమలోన పుట్టి సినిమాలు తీసె నొ
కండు, జైలునుండె కమ్యునిష్టు
దారి వేరు వేరు తత్త్వమ్ము వేరురా
నాగిరెడ్డి కెదురు నాగిరెడ్డి

పెన్నేటి ఇసుక:
బాగుంది గానీ, నిజంగా వీళ్ళిద్దరూ ఎదురుపడింది లేదే. తరిమెల నాగిరెడ్డికి నిజంగా ఎదురు నిలబడింది మన పాత సమస్యలోని ఆయనే. 1952 ఎన్నికల్లో అనంతపురంలో నాగిరెడ్డి జైల్లో ఉండే పోటీ చేసి సంజీవరెడ్డి గారిని ఓడించినాడు. ఓడింది పరాయివాడు కూడా కాదు, సొంత బావ. "నాగిరెడ్డి కెదురు సంజీవరెడ్డియె" అని రాద్దామని చూస్తే గణాలు కుదిరినాయి, నా-సం యతి మాత్రం చస్తే కుదరలేదు.

కొత్త పెన్ను:
సార్, ఇట్లా అంటే?

సాగె నాగిరెడ్డి సంజీవరెడ్డిపై
జైలులోన నుండి జనము మెచ్చ

కేసీ కాలువ గట్టు:
సా-సం. జై-జ. తేదీ కూడా సరిపోయింది! మిగతా రెండు పాదాలేవమ్మా?

కొత్త పెన్ను:
కరెంటు పోయింది సార్. ఫోన్‌లో ఆరు శాతమే ఉంది. రేపు పెడతా.